మిల్లు షెడ్డుకు అడ్డకమ్ములు

పొద్దున సూర్యాపేట నుంచి ఒక కాంట్రాక్టరు ఫోన్ చేసి, గోదాము స్తంభాల మధ్య ఉన్న అడ్డకమ్ములు లారీలకు తగులుతున్నాయి, కోసేయమంటారా మేడం అని అడిగాడు. వద్దని చెప్పి, ఎందుకు వద్దో చెప్పి, అదే మళ్లీ చెప్పి ఫోన్ పెట్టేసేసరికి టీ చల్లారిపోయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇదే మాట. ఈ మధ్య చెప్పడానికే అలసటగా ఉంటోంది. మొదటిసారి చెప్పినప్పుడు మాత్రం ఇలా లేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే, అదీ సివిల్ ఇంజనీరింగు. నాన్న గొర్ల వెంట తిరిగేవాడు, అమ్మ మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గింజలు ఊడ్చి చెరిగే పనికి పోయేది. ఫలితాలు ఫోనుల్లోకి రాని రోజులవి, మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. కోదాడ కాలేజీలో గోడ మీద నంబరు చూసుకుని, పాసవడమే కాక ఉద్యోగం కూడా ఖాయమైందన్న సంబరంలో అన్నం మాట మరచి బస్సెక్కి, హుజూర్‌నగర్ మీదుగా దారంతా అమ్మకు ఏ సంగతి ముందు చెప్పాలో తేల్చుకోలేక, బస్టాండు నుంచి మిల్లుకు పరుగులాంటి నడకతో వెళ్లాను.

షెడ్డు కింద అమ్మా, ఇంకొందరు ఆడవాళ్లూ చాటలతో కూర్చున్నారు. అవతలి చివర నిచ్చెన మీద వెల్డరు, పొడుగాటి సన్నటి ఇనుప స్తంభాలను నడిమి ఎత్తులో ఒకదానితో ఒకటి కలిపే అడ్డకమ్ములను గ్యాసుతో కోస్తున్నాడు. లారీ పక్కనుంచి లోపలికి రావాలట. అప్పటికే రెండు కమ్ములు కిందపడి ఉన్నాయి. నోటిదాకా వచ్చిన వార్త అక్కడే ఆగిపోయింది. ఆపమని అరిచాను.

మిల్లు సేటు బయటికి వచ్చాడు. "ఏం బిడ్డా, సదువైపోయిందని మా మిల్లు మీద పడ్డవా? కప్పు బరువంత స్తంభాలే మోస్తున్నయ్. గా కమ్ములేం మోస్తున్నయ్? ఉత్తగనే ఉన్నయ్ గద!"

తూకంతో బతికే మనిషి. బరువు పెరగనిదే ఏదీ కూలదని ఆయన నమ్మకం.

గోడకు ఆనించి ఉన్న పొడుగు వెదురు బద్దను నేల మీద నిలబెట్టి పైనుంచి నొక్కాను. విల్లులా వంగింది.

"సేటూ, జర మధ్యల పట్టుకోండ్రి."

రెండు వేళ్లతో పట్టుకున్నాడు. అంతే బలంతో నొక్కాను, వంగలేదు.

"మీ వేళ్లకు బరువేమన్న తెలుస్తుందా?"

"ఏం తెలుస్తలేదు."

"కమ్ములు చేసే పని గదే. అవి తీసేస్తే స్తంభం బలం నాలుగో వంతుకు పడిపోతది."

ఆయన వేళ్లు వదిలాడు, బద్ద వంగింది. మళ్లీ పట్టుకుని చూశాడు. తర్వాత వెల్డరును దింపి, కోసినవి తిరిగి అతికేదాకా షెడ్డు కిందికి ఎవరూ పోవద్దన్నాడు. దాంతో ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని ఎండలోకి వచ్చారు.

"నీ బిడ్డ ఏం సదివిందో గని, మమ్ముల ఎండల కూసోబెట్టింది" అని ఒకామె అమ్మను దెప్పింది.

"నీడ కూలి నెత్తిన పడుడు కంటె ఎండే నయం తియ్" అంది అమ్మ. కొంగుతో నా మొహం తుడుస్తూ, "ఇంతకు నువ్వెందుకొచ్చినవే?" అని అడిగింది.

అప్పుడు చెప్పాను. అమ్మ చాట కింద పెట్టి, సేటుకు వినబడేంత గట్టిగా, "మా బిడ్డకు నౌకరి దొరికింది!" అని అరిచింది.

ఇప్పుడు నాతో ఎవరూ వాదించరు. కంప్యూటరు గీసిన బొమ్మ పంపితే "ఓకే మేడం" అంటారు. ఆ సేటు దెప్పి, వాదించి, తన వేళ్లతో తెలుసుకున్నాకే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మళ్లీ ఆ కమ్ముల జోలికి పోలేదు. ఈ ఓకేల వెనుక ఏవి ఉంచారో, ఏవి కోసేశారో ఇంట్లో కూర్చుంటే తెలియదు. మోకాళ్లు వద్దంటున్నాయి గానీ, రేపు సూర్యాపేట బస్సెక్కాలి. ఆ గోదాము కింద కూడా ఎవరి అమ్మో కూర్చునే ఉంటుంది.