బూడిద పూసిన చేతుల పాఠం

మొన్న విశాఖలో బిజినెస్ చదువుతున్న మా మనవరాలు ఫోనులో తన పాఠం ఒకటి చూపించింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఒక స్త్రీ బూడిదతో కనిపెట్టిన చవకైన ఉపాయం గురించి రెండు పేజీలు, చివర ఆ ఉపాయాన్ని వ్యాపారంగా ఎలా పెంచుతారన్న ప్రశ్న. దాన్ని రాసిన మహానుభావుణ్ణి నేనేనని పిల్లకు చెప్పలేకపోయాను.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కేస్ స్టడీ అనే మాట అప్పుడే మన కాలేజీల్లోకి దిగింది. నేను టెక్కలిలో అర్థశాస్త్రం చెప్పే కొత్త లెక్చరర్ని. నగరం నుంచి వచ్చిన శిక్షకుడొకాయన పుస్తకాలు పక్కన పెట్టి మనుషుల జీవితాల నుంచే వ్యాపారం నేర్పాలని మూడు రోజులు ఊదరగొట్టి, తలా ఒక పాఠం రాయమన్నాడు. నేను తడుముకోకుండా ఆయన్ని పలాసలో మా మేనత్త దగ్గరికి తీసుకెళ్ళాను. మావయ్య పోయాక ఆవిడ ఒక షావుకారు షెడ్డులో పిక్కలు కొట్టేది. పెంకులోంచి కారే జీడి రసానికి చేతులు పొక్కకుండా ముందే బూడిద పూసుకునేది, అయినా వేళ్ళు నల్లబడి తోలు ఊడేది. ఆ పెద్దమనిషి వేళ్ళ వంక చూడలేదు, ఆవిడ ఇచ్చిన టీ ముట్టలేదు, బూడిదను చూసి మాత్రం తెగ మురిసిపోయాడు.

వచ్చేటప్పుడు అత్త ఒక్కటే అడిగింది.

"అల్లుడా, సేతులకి తొడుగులిప్పించమని రాయి. షావుకారు సదివితే ఇత్తాడు."

రాశాను కూడా. అది ఫిర్యాదే గాని పాఠం కాదని శిక్షకుడు కొట్టేశాడు. నేను ఆ వాక్యం లేకుండా తిరగరాసి చప్పట్లు కొట్టించుకున్నాను. తరగతిలో పిల్లలు బూడిదను పొట్లాలు కట్టి అమ్మాలని తేలిస్తే, శభాష్ అన్న వెధవనీ నేనే.

ఇప్పుడు పలాసలో యంత్రాలొచ్చాయి, తొడుగులూ వచ్చాయి, ఏవీ నా పాఠం పుణ్యాన రాలేదు. పోయిన నెల నేను వెళ్ళేసరికి అత్త ఇంట్లో పింఛను ఇచ్చే ఉద్యోగి వేలిముద్ర యంత్రంతో కూర్చుని ఉన్నాడు. పదివేళ్ళూ పెట్టించినా ఒక్కదానికీ గీత మిగల్లేదు. చివరికి కన్ను చూపిస్తే గాని ఆవిడ ఆవిడేనని యంత్రం ఒప్పుకోలేదు. అతను వెళ్ళాక అత్త వేళ్ళను చెంగుతో తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"నువ్వు రాసినావు గదా అల్లుడా. ఆ షావుకారే సదవనేదు."

అవునత్తా అన్నాను. ఈ వయసులో కూడా నిజం చెప్పే ధైర్యం లేకపోయింది, నా మీద నాకే అసహ్యం వేసింది.

మా కాలంలో ఆ పాఠం సైక్లోస్టైలు కాగితం మీద వెలవెలబోతూ ఉండేది. మనవరాలి ఫోనులో దానికి రంగుల బొమ్మ చేరింది. అందులో పిక్కలు కొడుతున్న ఆవిడ చేతులు నున్నగా, తెల్లగా ఉన్నాయి.