నడుమ ఒక తీగ

చిన్నమ్మ పోయిందని కబురు వచ్చినప్పుడు నేను బీర్పూర్ బడిలో పిల్లల హాజరు తీసుకుంటున్నాను. "అక్కా, అమ్మ పోయిందే" అన్నాడు తమ్ముడు ఫోనులో. పొద్దున చాయ్ తాగి, దుకాణంలో తన కుర్చీలోనే కన్ను మూసిందట. ఆ కుర్చీలో కాకుండా ఇంకెక్కడ పోయినా నేను నమ్మేదాన్ని కాదు.

కోరుట్ల బస్టాండు దగ్గర, ఇంటి ముందు గదిలో ఆమె వీడియో మిక్సింగ్ దుకాణం. అక్కడ పెండ్లి క్యాసెట్టు చేయించుకున్నవాళ్ళు మీలో ఉంటే ఆమె నోరు కూడా గుర్తుండే ఉంటుంది. తెర మీద పెండ్లికొడుకు బిగుసుకుని కనిపిస్తే, "ఏందిది, తాళి ఈనికే కట్టిండ్రా?" అనేది. ఎదురుగా ఆ పెండ్లికొడుకే ఉన్నా సరే, అనేది.

గోడ నిండా మేకులు, మేకుల నిండా పాత తీగలు. పారేద్దామని చిన్నాయన ఎన్నిసార్లు అన్నా ససేమిరా. ఏ ప్లగ్గునూ బలవంతంగా గుచ్చనిచ్చేది కాదు. "పట్టకపోతె తప్పు దానిది కాదు, నీది కాదు. నడుమ ఇంకొకటి కావాలె" అనేది. మా ఇండ్లలో ఎవరికి ఎవరితో మాటలు లేకపోయినా ఇదే మాట అని, తనే నడుమ పోయి కూర్చునేది. నాకూ మా అత్తకూ మధ్య ఎన్నిసార్లు కూర్చుందో నాకే తెలుసు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బడులు మూసి మేమూ సమ్మెలో ఉన్నాం కనుక నేను చిన్నమ్మ దగ్గరే ఉన్నాను. ఒక పొద్దున సిరిసిల్ల నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒకాయన చిన్న బిడ్డను బండి మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. తువ్వాల విప్పి ఒక హార్డ్ డిస్క్ బల్ల మీద పెట్టాడు.

"మా ఇంటామె పాడిన పాట దీంట్ల ఉన్నదట అక్కా. ఓ స్టూడియో మూసేస్తుంటె ఇచ్చిండ్రు. బిడ్డ పాకే యాళ్లకే ఆమె పోయింది. దీనికి అమ్మ గొంతు ఎట్లుంటదో ఎరుకలేదు."

ఆ పిల్ల గోడ మీది తీగలనే చూస్తోంది. చిన్నమ్మ డిస్కును తిప్పి చూసి నొచ్చుకుంది. ఎవరో మామూలు తీగనే దానికి అదిమి గుచ్చారు. డిస్కుకు సూదులు ఎక్కువ, తీగకు బొక్కలు తక్కువ. రెండు సూదులు వంగిపోయాయి.

"గివి నాకిడువు అక్కా. పన్నె పండ్లు వంగితె సక్కజేసేది నేనే" అన్నాడాయన. మగ్గం మీద పోగులు దూరే ఆ సన్నటి పండ్లను సరిచేసే కొక్కెం జేబులోనే ఉంది. ఊపిరి బిగబట్టి రెండు సూదులనూ నిలబెట్టాడు.

"గిది ఇండ్లల్ల వాడే డిస్క్ కాదు, స్టూడియోలల్ల వాడే స్కజీది" అంది చిన్నమ్మ. "మన కంప్యూటర్‌కు దీన్ని పట్టే జాగ లేదు. పాత స్కానర్లకు అచ్చే కార్డు దీనికి చుట్టం." అలాంటి స్కానర్ జగిత్యాలలో ఒక డీటీపీ అన్న దగ్గర మూలన పడి ఉందని ఆమెకు గుర్తు. తండ్రినీ బిడ్డనూ చిన్నాయన దగ్గర ఉంచి, నా స్కూటర్ వెనక ఎక్కింది.

జగిత్యాలలో బంద్. చౌరస్తాలో వంటావార్పు. డీటీపీ అన్న రోడ్డు మీద రాళ్ళ పొయ్యి ముందు గంటె తిప్పుతున్నాడు. సంగతి విని తల గోక్కున్నాడు. "బంద్ చేపిచ్చేటోన్ని నేనే షట్టర్ లేపితె ఎట్ల వదినా?"

చిన్నమ్మ పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "బంద్ అంటె బేరం బంద్. సాయం బంద్ కాదు గదా?" అని, సిరిసిల్ల పిల్ల కథ చెప్పింది. విన్నవాళ్ళలో ఒక పెద్దాయన, "సగం లేపుండ్రి" అన్నాడు. అన్న వంగి లోపలికి దూరి, బూజు పట్టిన కార్డుతో, బద్ద లాంటి తీగతో బయటికి వచ్చాడు. విస్తరిలో అన్నం తినిపించకుండా మమ్మల్ని కదలనియ్యలేదు.

కోరుట్ల వచ్చి కార్డు బిగించాం. డిస్క్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది కానీ తెర మీద ఏమీ లేదు. అప్పుడా పిల్ల మొదటిసారి నోరు విప్పింది. "అమ్మ లేదా దీంట్ల?"

చిన్నమ్మ కండ్లద్దాలు తుడుచుకుని, డిస్క్ వెనక ఉన్న చిన్న బిళ్ళను తీసి పక్క సూదుల మీద పెట్టింది. "తీగ ఈడికే ఆగిందని దానికి చెప్పలేదు బిడ్డా, గందుకే తెలుస్తలేదు" అంది. మళ్ళీ ఆన్ చేసింది.

ఈసారి కనిపించింది. మొదట జనం గోల, తర్వాత ఒక ఆడమనిషి నవ్వు. "ఆగుండ్రి, సంకల బిడ్డ పండింది, మెల్లగ పాడ్త" అని, నిజంగానే మెల్లగా పాట ఎత్తుకుంది. తండ్రి తన ఫోనులో రికార్డింగ్ పెట్టి స్పీకర్ దగ్గర పట్టుకుని నిలబడ్డాడు, పాట అయ్యాక కూడా దించలేదు. ఆ పిల్ల తెర దగ్గరికి జరిగి, "పండింది నేనేనా?" అని అడిగింది. నేను ఏడ్చాను. సమ్మెలు, బస్సులు లేని రోజులు, రేపు ఏమవుతుందోనన్న గుబులు, అన్నీ ఉన్న కాలం అది. అయినా ఆ పూట మాత్రం అనుకున్నవన్నీ జరుగుతాయనే అనిపించింది.

కార్డును జగిత్యాల అన్న తిరిగి తీసుకోలేదు. అది ఇప్పటికీ గోడ మేకుకే ఉంది.

చిన్నమ్మ దశదినం నాడు అందరం ఆ దుకాణంలోనే కూర్చున్నాం. ఊరందరి పెండ్లిళ్ళు క్యాసెట్లకు ఎక్కించిన మనిషి తన గొంతు మాత్రం ఎక్కడా ఉంచుకోలేదని తమ్ముడు బాధపడుతున్నాడు. ఎప్పుడూ మిషన్ వెనకే ఉండేదాయె. అప్పుడే సిరిసిల్ల పిల్ల వచ్చింది. ఇప్పుడు నర్సు. తమ్ముడి మాట విని, ఫోనులో పాట పెట్టి బల్ల మీద ఉంచింది. నాన్న ఆనాడు పట్టుకున్న రికార్డింగ్, ఫోను మారినప్పుడల్లా ఎక్కించుకుంటూ వచ్చిందట.

పాట అయిపోయింది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. వెంటనే చిన్నమ్మ: "ఇంకోసారి ఎయ్యాల్నా బిడ్డా?"

పైన ఫ్యాను గాలికి గోడ మీది తీగలు మెల్లగా ఊగుతున్నాయి. ఆ అమ్మాయి చిన్నాయన వైపు వంగి, "ఇంకోసారి ఎయ్యాల్నా తాతా?" అంది.

"ఎయ్యి బిడ్డా" అన్నాడు చిన్నాయన.