త్రిత్వం తర్వాత పదహారో ఆదివారం

మొన్న ఆదివారం ఖమ్మంలో మా గుడికి కాస్త ముందుగానే వెళ్లాను. ఆస్పత్రిలో డ్యూటీ దిగి అటునుంచి అటే వెళ్లడంతో కాళ్లు లాగేస్తున్నాయి. వెనక బల్ల మీద కూలబడి కళ్లు మూసుకున్నాను. ముందు ఎవరో బలిపీఠం మీది తెల్ల గుడ్డ తీసేసి, పెట్టెలో మడిచి ఉంచిన ఆకుపచ్చ గుడ్డను దులిపారు. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ వాసన వెంటే నతానియేలు అయ్యగారు జ్ఞాపకం వచ్చారు. ఆకుపచ్చ పరిచారంటే ఇక పండుగలు అయిపోయినట్టే. క్రిస్మస్, శ్రమల దినాలు, ఈస్టరు, పెంతెకొస్తు అన్నీ దాటి త్రిత్వ ఆదివారం కూడా వెళ్లిపోయాక, మళ్లీ నవంబరు దాకా ఏ పండుగా లేని ఆదివారాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. త్రిత్వం తర్వాత మొదటిది, రెండోది, మూడోది అని లెక్కపెట్టుకుంటూ పోవడమే. అయ్యగారు వాటిని నడక ఆదివారాలు అనేవారు.

నా మొదటి పోస్టింగు భద్రాచలం దాటాక, చర్ల వైపు అడవిలో ఉన్న ఒక చిన్న ఊళ్లో. ప్రభుత్వ ఆరోగ్య సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎమ్ నర్సుని. వానాకాలమంతా జ్వరాలు. ఏ ఇంటికి వెళ్లినా ఎవరో ఒకరు దుప్పటి కప్పుకుని వణుకుతూ కనిపించేవారు. ఆ ఊళ్లోనే పెంకులు కప్పిన పాత లూథరన్ గుడి ఉండేది. కొన్ని కోయ కుటుంబాలు, మిర్చి చేలకు కూలికి వెళ్లే కుటుంబాలు కొన్ని, అంతే సంఘం. నతానియేలు అయ్యగారు అక్కడ పాదిరి. నేలకొండపల్లి వైపు మనిషి. సన్నగా, కొద్దిగా వంగి ఉండేవారు. చుట్టుపక్కల గూడేలకు పాత సైకిలు మీద తిరిగేవారు. నేను వెళ్లిన నవంబరు చివర్లో ఒక శనివారం సబ్‌సెంటర్ గుమ్మం ముందు సైకిలు ఆపి పలకరించారు.

"రేపు కొత్త సంవత్సరం సిస్టరమ్మా. గుడికి రా."

"నవంబర్ల కొత్త సంవత్సరమేంది అయ్యగారూ?"

"గుడి ఏడు రేపటి సంది మొదలైతది. ఆగమన ఆదివారం. బైబిల్ల పత్రిక పాఠం నువ్వు చదవాలె."

మర్నాడు గుడి దగ్గర సంఘ పెద్ద దావీదు అడ్డు చెప్పాడు. ఆడమనిషి నిలబడి పాఠం చదవడమేమిటన్నాడు. అయ్యగారు కోప్పడలేదు. "జ్వరమొస్తే ఆమెతోనే సూది వేయించుకుంటున్నవ్ గదా దావీదూ. పాఠమొక్కటి ఆమె నోట వినలేవా?" అన్నారు. దావీదు నవ్వి ఊరుకున్నాడు. నేను గబగబా చదివేసి వచ్చి కూర్చున్నాను. ఆరాధన అయ్యాక అయ్యగారు దగ్గరికి వచ్చి, "నీకు ఎప్పుడో తెల్సిన సంగతే అన్నట్టు చదివినవ్. నువ్వు గూడ ఇప్పుడే మొదలు వింటున్నట్టు చదవాలమ్మా" అన్నారు. ఆ మాట తర్వాత చాలా ఏళ్లు నా వెంట తిరిగింది.

మా సంఘంలో పాదిరి తనకిష్టమైన వాక్యం ఎంచుకుని ప్రసంగించడు. ఏ ఆదివారం ఏ పాఠం చదవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఏడాది తిరిగేసరికి అదే ఆదివారానికి అదే పాఠం మళ్లీ వస్తుంది. అయ్యగారు దాన్ని ఒక్కసారి కూడా తప్పించలేదు. ఈస్టరుకు ముందు శ్రమల దినాలు వచ్చేసరికి ఊళ్లో సగం మంది మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు వెళ్లిపోయేవాళ్లు. మిగిలిన వాళ్లు తెల్లారకముందే ఇప్పపువ్వుకు అడవిలోకి వెళ్లేవాళ్లు. గుడిలో నేను, అయ్యగారి భార్య సుగుణమ్మ గారు, నడవలేని ఒకరిద్దరు ముసలివాళ్లు మిగిలేవాళ్లం. ఆ నలుగురికీ ఆయన ఆ దినాలకు పరిచే ఊదా రంగు గుడ్డ పరిచి, నిండు గుడిలో చెప్పినట్టే ప్రసంగం చెప్పేవారు. పక్క ఊళ్లో అప్పుడే ఒక కొత్త ప్రార్థన మందిరం పెట్టారు. మైకు, డ్రమ్ములు, స్వస్థత కూటాలు. మా వాళ్లు ఒక్కొక్కరే అటు వెళ్లసాగారు. దావీదు ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాడు.

"అయ్యగారూ, జనానికి ధైర్యమొచ్చే మాటలు చెప్పుండ్రి. ప్రతిసారి ఆ పట్టికల ఉన్నదే చెప్పుడేంది?"

"నచ్చింది చెప్పమంటే నాకు నచ్చిందే చెప్త దావీదూ. నాకు నచ్చేటియి నాలుగో అయిదో ఉంటయ్. మిగిలినయి ఎవరు చెప్తరు?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో పట్టుదలకన్నా అలసటే ఎక్కువ వినిపించింది. అప్పటికే చాలా అలసిపోయి ఉన్నారని నాకిప్పుడు అర్థమవుతోంది.

వాళ్లకు ఒక్కగానొక్క కొడుకు, ప్రసాదు. ఖమ్మంలో డిగ్రీ చదివేవాడు. ఒక సంవత్సరం వానలు వెనకబడి, సెప్టెంబరులో కూడా వాగులు పొంగుతున్నాయి. సెలవులకు వచ్చిన పిల్లవాడు చలిజ్వరంతో పడుకున్నాడు. రక్తం పరీక్ష చేశాను, మలేరియా. మందులు మొదలుపెట్టాను. రెండో రోజుకు మాట తడబడి, మనుషులను గుర్తుపట్టలేదు. జ్వరం మెదడుకు ఎక్కిందని తెలిసిపోయింది. ఆటోలో పడుకోబెట్టుకుని పెద్ద దవాఖానాకు బయలుదేరాం. దారిలో వాగు రోడ్డు మీదికి వచ్చి ఉంది. నీళ్లు తగ్గేదాకా ఆగాలన్నారు. అయ్యగారు దిగి వాగు ఒడ్డున నిలబడ్డారు. సుగుణమ్మ గారు కొడుకు తల ఒళ్లో పెట్టుకున్నారు. నేను నాడి పట్టుకుని కూర్చున్నాను. నీళ్లు తగ్గకముందే నా వేళ్ల కింద నాడి ఆగిపోయింది. ఆ సంగతి వాళ్లకు ఎలా చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు.

గురువారం సమాధి చేశాం. శనివారం సాయంత్రం పాఠాల పట్టిక చూసి దావీదు పరుగున నా దగ్గరికి వచ్చాడు. "సిస్టరమ్మా, రేపటి పాఠం చూసినవా?" అన్నాడు. త్రిత్వం తర్వాత పదహారో ఆదివారం. సువార్త పాఠం నాయీను అనే ఊళ్లో జరిగింది. విధవరాలైన ఒక తల్లికి ఒక్కడే కొడుకు. వాడు చనిపోతే పాడె మోసుకుని ఊరి వాకిలి దాటుతుంటారు. ప్రభువు ఎదురొచ్చి, ఆ తల్లిని చూసి జాలిపడి, పాడెను ముట్టుకుంటాడు. మోసేవాళ్లు ఆగిపోతారు. చనిపోయినవాడు లేచి కూర్చుంటాడు.

ఇద్దరం అయ్యగారింటికి వెళ్లాం. దావీదు తల దించుకుని, "రేపు ఒక్కరోజు వేరే పాఠం చదువుకుందామయ్యా. లేకుంటే భద్రాచలం సంది ఇంకొక అయ్యగారిని పిలుద్దాం" అన్నాడు. అయ్యగారు "ఇంతకుముందు ఈ పాఠం వచ్చినప్పుడు ఈ ఊళ్లె ఎంతోమంది ఇండ్లల్ల పిల్లలు పోయి ఉన్నరు. వాళ్ల కోసం నేను పాఠం మార్చలేదు. ఇప్పుడు నా ఇంటికొచ్చిందని మారుస్తనా?" అన్నారు. లోపలి గదిలో సుగుణమ్మ గారు వింటూనే ఉన్నారు.

మర్నాడు గుడి నిండిపోయింది. పక్క ఊరి మందిరానికి వెళ్లిన వాళ్లు కూడా వచ్చారు. అయ్యగారు పాఠం మొదటి నుంచి చివరిదాకా చదివారు. చనిపోయినవాడు లేచి కూర్చున్నాడన్న చోట ఆగి, తర్వాత మిగతాది చదివారు. గ్రంథం మూశారు. ప్రసంగం కోసం అందరం తలలెత్తి చూశాం.

"పాఠంల పాడె ఆగింది" అన్నారాయన. "మాది ఆగలేదు. ఎందుకు ఆగలేదో నాకు తెల్వదు. తెల్సినట్టు మీకు చెప్పలేను."

అంతే. మెట్లు దిగి, ఆడవాళ్లు కూర్చునే వైపు వచ్చి, చాప మీద సుగుణమ్మ గారి పక్కన కూర్చున్నారు. అటువైపు మగవాళ్లు కూర్చోవడం ఆ గుడిలో ఎవరూ ఎరగరు. బయట చూరు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. సుగుణమ్మ గారి భుజాలు కదలడం, అయ్యగారి చెయ్యి ఆమె చేతి మీద ఉండడం నాకు కనబడుతూనే ఉంది. చివరికి వెనక నుంచి కన్నమ్మ లేచింది. ఆమె కోయ ముసలమ్మ. తన పిల్లల్లో ఇద్దరిని జ్వరాలకే పోగొట్టుకుంది.

"అయ్యా, ఆశీర్వాదం ఇయ్యకుంటే మేం ఇంటికెట్ల పోవాలె?" అంది.

గొంతులో బతిమాలడం లేదు. పని మిగిలిపోయిందని గుర్తు చేసినట్టుగా అడిగింది. అయ్యగారు చాప మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచారు. బలిపీఠం ముందుకు వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి ఆశీర్వాదం చెప్పారు. అందరం తలవంచి తీసుకున్నాం. అంత బరువైన ఆశీర్వాదాన్ని నేను మళ్లీ ఎక్కడా తీసుకోలేదు.

ఆ తర్వాత ఆయన మారిపోయారనీ, విశ్వాసం మరింత గట్టిపడిందనీ చెప్పాలని ఉంటుంది గాని, అలాంటిదేమీ నేను చూడలేదు. సైకిలు తొక్కడం తగ్గించారు. ప్రసంగాలు చిన్నవయ్యాయి. కొన్ని ఆదివారాలు పాఠం చదివి రెండు మాటలు చెప్పి ముగించేవారు. గుడి నిండిన ఆ రోజు వచ్చిన వాళ్లలో చాలామంది మళ్లీ పక్క ఊరికే వెళ్లిపోయారు. మరుసటి ఏడు పదహారో ఆదివారం తిరిగి వచ్చింది. ఈసారి ఏం చెబుతారోనని ఎదురుచూశాను. పాఠం చదివి, "పోయినేడు నేను పాడె కాడ ఆగిపోయిన. ఈ ఏడు ఆ తల్లి దాక వచ్చిన. ప్రభువు గూడ ముందు ఆమెనే చూసిండు. అంతవరకే నాకు అర్థమైంది" అన్నారు. అది ప్రసంగమా అంటే ఏమో. సుగుణమ్మ గారు మాత్రం ఆ రోజు తల ఎత్తి ఆయన వైపు చూశారు.

ఆ తర్వాత నాకు ఖమ్మం ఆస్పత్రికి బదిలీ అయింది. రిటైరయ్యాక వాళ్లిద్దరూ ఖమ్మంలో ఒక గది కిరాయికి తీసుకుని ఉన్నారు. చివరిసారి చూడడానికి వెళ్లినప్పుడు అయ్యగారు మంచం మీదే ఉన్నారు. సుగుణమ్మ గారు ఆ వారం పాఠం పక్కన కూర్చుని చదివి వినిపిస్తున్నారు. పదహారో ఆదివారం గురించి అడిగాను. "ఆ తల్లిని దాటి ముందుకు పోయినరా అయ్యగారూ?"

"లేదమ్మా" అని కాస్త నవ్వారు. "తల్లి కాడనే ఉన్న. అక్కడి నుంచి నన్నెవరు కదిలించలే."

కొద్ది నెలలకే ఆయన పోయారు. ఆ ఊళ్లో పెంకుల గుడి ఇప్పుడు ఉందో లేదో కూడా తెలియదు. నాకూ వయసు మీద పడింది. వార్డులో పిల్లవాడు పోయినప్పుడు కొత్తగా చేరిన సిస్టర్లు ముఖం తిప్పుకుని వేరే మంచం దగ్గరికి వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టను. నాకూ వెళ్లిపోవాలనే ఉంటుంది, ఆ పాటికి ఒంట్లో ఓపిక మిగలదు. దేవుడు ఉన్నాడని గాని, అంతా మంచికే అని గాని ఆ తల్లితో అనను. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంటాను. ఆమె ఏడ్చినంతసేపూ కూర్చుంటాను. లేచేటప్పుడు, ఇంటికి వెళ్లడానికి తోడు ఎవరున్నారని అడుగుతాను. ఎవరూ లేరంటే ఆటో ఎక్కేదాకా పక్కన నడుస్తాను.