రేకుకు పూసిన నూనె

బుధవారం, పొద్దున పదకొండుకు పది నిమిషాలు తక్కువ. పోయిన ఏడు కార్తీకంలో, పాపారపట్టి దాటి కొండకెక్కే దారి రెండో మలుపులో మా జీపు ఆగిన సమయం అది. ఈ పొద్దు ఆ జీపు పైకప్పు మారుస్తుంటే లోపలి రేకు ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకుండా ఉన్నాను. తల నెరిశాక కోడలి దగ్గర అక్షరాలు దిద్దినవాణ్ణి. చేసిన తప్పు రాయడానికి పనికిరాకపోతే ఆ అక్షరాలెందుకు?

నా కోడలు నర్సు. కొండమీది ఊళ్ళకు వారానికోసారి జీపులో పోతుంది. అక్కడ ఫోను పలకదు. ఒకసారి వాగులో జీపు ఇరుక్కుని, కబురు పంపే దారి లేక పగలంతా పడి ఉన్నారు. అందుకని తనూ, నా మేనల్లుడూ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని జీపులో ఒకటి, పాపారపట్టిలో మా మిద్దె మీద ఒకటి వైర్‌లెస్ సెట్లు పెట్టారు. జీపు కప్పేమో ఫైబరు. "ఇనుప కప్పయితే ఏరియల్ కింద ఇనుమే ఉంటుంది మామా. దీనికి లోపల రేకు వేసి, ఏరియల్ వైరు మీది రాగితీగల అల్లికను రేకుకు తగిలించాల. బాగా తోమి బిగించు, మధ్యలో మడ్డి ఉంటే దూరం పలకదు" అన్నాడు మేనల్లుడు. నేను జీవితమంతా సెంట్రింగ్ పని చేసినవాణ్ణి. స్లాబు పోసే ముందు రేకుకు నూనె పూయకపోతే సిమెంటు అంటుకుంటుంది. చెయ్యి నన్ను అడగలేదు. ఇంట్లో ఉన్న పాత రేకు తీసి, తోమకుండానే ఇంజనాయిలు దట్టంగా పట్టించి బిగించేశాను. వాకిట్లో మాట్లాడి చూస్తే గొంతు బాగానే వినిపించింది. వాకిట్లో అరిచినా వినిపించేదే.

ఆ బుధవారం కొండమీది నుంచి ఒకతను నడిచి వచ్చాడు. పెళ్ళానికి రెండో రోజు నొప్పులట. అతన్ని ఎక్కించుకుని కోడలూ నేనూ వెంటనే బయలుదేరాము. రెండో మలుపులో కోడలు మైకు పట్టి పిలిచింది. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. జీపు నడిపేది మా పిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు. ఇంజను ఆపేశాడు.

"ఇది పలక్కపోతే నేను పైకి రాను. పోయినసారి పడింది చాలు."

"అట్లయితే నువ్వే పోయి చెప్పు చిన్నమామా, రేడియో పలకలేదు, నొప్పులు ఆపుకో అని" అంది కోడలు. తర్వాత నా వైపు తిరిగింది. "మామా, రేకు తోమే కదా బిగించినావు?"

"నూనె పూసినాను."

"ఏమి అన్నా, జీపుకు స్లాబు పోస్తామనుకొంటివా?" అన్నాడు తమ్ముడు. నవ్వలేదు.

సీటు మీద వెల్లకిలా పడుకుని బోల్టు విప్పాను. నూనె, దుమ్ము, పాత సిమెంటు కలిసి తోలులా పట్టి ఉన్నాయి. రేకులు గీకే పట్టీ నా సంచిలోనే ఉంది. గీకుతుంటే మడ్డి కళ్ళల్లో పడింది. నొప్పులామె మొగుడు జీపు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "సీక్రం మామా, తొందరగా" అంది కోడలు, ఒక్కసారే. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, అల్లికను ఆనించి మళ్ళీ బిగించాను. రెండుసార్లు పిలిచినా బుస్సే. మూడోసారి మేనల్లుడి గొంతు.

"ఉన్నానక్కా, చెప్పు."

కోడలు అంబులెన్సు తెప్పించమని చెప్పింది. తమ్ముడు ఇంజను తిప్పాడు. మేము ఆమెను దించేసరికి కింద అంబులెన్సు సిద్ధంగా ఉంది. ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తుందట.

ఎంతసేపు గీకానో ఎవరూ గడియారం చూడలేదు. నా లెక్కలో ఆ సమయం ఇంకా పదకొండు దాటలేదు. ఆ మలుపులో ఉన్నవాళ్ళు నా కోడలు, నా తమ్ముడు, జీపు చుట్టూ తిరిగిన ఆ మొగుడు, నేను. పాపారపట్టిలో మిద్దె మీద మేనల్లుడు. కొండ మీద, నా నూనె సంగతి తెలియకుండా కాచుకుని ఉన్న ఆమె.