జ్వరమొచ్చిన పట్టుపురుగులు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, మాస్కుల కాలం తలచుకుంటే పోయిన జన్మ సంగతిలాగే ఉంటుంది. అప్పుడు నాకు పదహారేళ్లు. సూరత్‌లో పర్వత్ పాటియాలో ఒకే గది, అందులో అమ్మా, నాన్నా, బాపమ్మా, నేనూ. సాంచాలు (మరమగ్గాలు) ఆగిపోయి నాన్న ఇంట్లోనే ఉన్నాడు. లాక్‌డౌనుకు ముందు ఊరి నుంచి వచ్చిన మామ (పట్టుపురుగులు పెంచుతాడు కాబట్టి మాకు పట్టుమామ) నా చేతిలో ఆరు పట్టుగూళ్లు పెట్టి, "జర చూస్కో కోడలా" అని పోయాడు. చూసుకున్నాను. వాటిలోంచి రెక్కల పురుగులొచ్చి, పాత పేపరు నిండా గుడ్లు పెట్టి, కొన్నాళ్లకు వందలకొద్దీ పిల్లలయ్యాయి. తరతరాలుగా మగ్గాన్నే నమ్ముకున్న ఇల్లయినా మాకు తెలిసింది నూలు, ఆ తర్వాత పాలిస్టరు. పట్టు మా గడప తొక్కలేదు. అందుకే, సాంచాలు ఆగినప్పటి నుంచి నోరు మెదపని బాపమ్మ ఆ డబ్బా ముందు కూర్చుని, "పసిపోరగాండ్ల లెక్క ఎట్ల తింటున్నయో సూడు బిడ్డా!" అని మురిసిపోయేది.

మా గల్లీ చివర ఉన్నది ఒక్కటే మల్బరీ చెట్టు. అన్నిటినీ నేనొక్కదాన్నే సాకలేనని, మిఠాయి డబ్బాల్లో సర్ది ఇంటింటికీ అప్పగింతలు పెట్టాను. "సాడీ కబ్ బనేగీ?" అని పక్కింటి మాసీ అడిగితే, "దివాలీకి పట్టుచీర కట్టుకుంటావు మాసీ" అని హామీ కూడా ఇచ్చేశాను (కోతలకు పన్ను లేదు కదా). ఒక్క డబ్బా మాత్రం బాపమ్మ ఇవ్వనివ్వలేదు.

నాలుగో రోజు పురుగులన్నీ తలలెత్తి కదలకుండా కూర్చున్నాయి. ఆకు ముట్టవు. గల్లీ అంతా నన్నే అడగడం మొదలుపెట్టింది. మామకు ఫోన్ చేశాను.

"గది మొదటి జ్వరం కోడలా. అన్నిటికీ ఒక్కసారే వస్తది..." అంతవరకే వినపడింది, లైను పోయింది.

ఇంకేముంది! బాల్కనీలోకి పరుగెత్తి, "డబ్బాలు పారేయండి! బుఖార్ ఆయా హై!" అని అరిచాను. ఆ రోజుల్లో జ్వరమన్న మాట చాలు. నిమిషాల మీద డబ్బాలన్నీ గల్లీ వెనక ఖాడీ కాలువ మురుగునీళ్లలో పడ్డాయి. బాపమ్మ మాత్రం తన డబ్బా ఒళ్లో పెట్టుకుని, "జ్వరమొస్తె పారేస్తరా బిడ్డా?" అంది. నేను వినలేదు. గుంజుకుపోయి నా చేత్తోనే పడేశాను.

సాయంత్రం మామ మళ్లీ ఫోన్ చేశాడు. "పిచ్చిపిల్లా, పురుగులకు జ్వరమంటే నిద్ర. పాత తోలు విడిచేందుకు పండుకుంటయ్. పొద్దుగాల లేసి తింటయ్."

ఖాడీ దాకా ఉరికాను. ఒక్క డబ్బా లేదు. ఇంటికొచ్చి బాపమ్మ మొహం చూడలేకపోయాను. ఆమె డబ్బా ఉన్న చోట మిగిలిన ఆకులు ఏరుతోంది. తిట్టినా బాగుండేది.

నెల తర్వాత బాపమ్మకు జ్వరమొచ్చింది. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకుంది. ఒళ్లు కాలుతుంటే అమ్మ కనిపెట్టి, "ఎందుకు చెప్పలే అత్తా?" అని అడిగింది. బాపమ్మ నా వైపు చూపించి, "దీనికి తెలిస్తె నన్ను గూడ ఖాడీల పారేస్తదని" అంది. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ తర్వాత స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. మామూలు జ్వరమే, తగ్గిపోయింది.

ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నాను, జ్ఞానిననే అనుకుంటాను. అయినా ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, బాపమ్మ వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెడుతుంది. "పండుకో బిడ్డా," అంటుంది, "పొద్దుగాల లేసి తింటవ్."