ఉంగరం వేలి తిమ్మిరి

ఆ రోజుల్లో, అంటే నా పెళ్లి కుదిరి, మూఢం అడ్డొచ్చి ముహూర్తం వెనక్కి జరిగిన రోజుల్లో, నాకు ప్రపంచమంతా కుడి చెవిలోనే ఉండేది. మేముండేది ఛత్తీస్‌గఢ్‌లో, ఉక్కు ప్లాంటున్న భిలాయిలో, ఖుర్సీపార్‌లో. పిల్లది శ్రీకాకుళం దగ్గర. మా రెండు గదుల ఇంట్లో స్పీకర్ పెడితే అమ్మా నాన్నా కూడా మా ముచ్చట్లలో వాటాదారులైపోతారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే నూతిలోంచి మాట్లాడుతున్నట్టుందని పిల్ల ఫిర్యాదు. అందుకని డ్యూటీ నుంచి రాగానే డాబా ఎక్కి, మోచెయ్యి మడిచి, ఫోను చెవికి అదిమి, అమ్మ అన్నానికి పిలిచేదాకా వినేవాణ్ణి. (వినడమే! ఇక్కడే పుట్టి పెరిగిన నాకు హిందీ వచ్చినంతగా తెలుగు రాదు. ఆవిడ గలగలా చెప్పేదాంట్లో సగం అర్థమయ్యేది కాదు. ఆ సగమే ఇంకా బాగుండేది.)

ఒకరోజు కుడిచేతి ఉంగరం వేలూ, చిటికెన వేలూ మొద్దుబారి టీ గ్లాసు జారిపోయింది. "నిశ్చితార్థం ఉంగరం బిగుతురా" అంది అమ్మ. ఉంగరం తీశాం, దిష్టి తీశాం, తిమ్మిరి మాత్రం పోలేదు. "సుగరేమో, సూపించు" అన్నాడు ప్లాంటులో రిటైరైన నాన్న. అమ్మ మొహం మాడిపోయింది. "ఆడపెళ్లోరికి తెలిస్తే సంబంధం ఒగ్గేస్తారు. పిల్లతో సెప్పకు!" హడలిపోయాను. చెయ్యి పోతే పోయింది, పిల్ల పోతేనో?

డాక్టరుగారు షుగరు చూశారు, మెడ తిప్పించారు, మోచేతి వెనక వేలితో ఒక్క పోటు పొడిచారు. చిటికెన వేలి దాకా జిల్లుమంది. "నరం ఇక్కడ నలుగుతోంది. ఫోన్లో అంతసేపు ఎవరితో, బేటా?" అన్నారు. వెంట వచ్చిన అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోచెయ్యి చాపి పడుకోమన్నారు. కొన్నాళ్లు ఫోను బంద్.

నరం జబ్బన్నా సంబంధం పోతుందని అమ్మ భయం. కారణం చెప్పకూడదు కదా, ఆవిడ చేస్తే ఎత్తడమే మానేశాను. వేళ్లు తేరుకుంటున్నాయి గానీ సాయంత్రమైతే ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకుపోయేది. చివరికి ఆవిడే అమ్మకి ఫోన్ చేసి నన్ను పిలిపించింది. "నానంటే ఇష్టం నేకపోతే సెప్పండి. మా నాన్నతో నానే సెప్తాను" అంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ కళ్లెర్రజేస్తున్నా వేళ్లు, నరం, మోచెయ్యి, అంతా వచ్చీరాని తెలుగులో కక్కేశాను. అయిపోయింది, సంబంధం పోయిందనుకున్నాను.

"ఏటండీ, మీకు ఎడం చెయ్యి నేదా?" అంది.

ఇప్పుడు ఆవిడ మా ఇంట్లోనే ఉంది. నేను జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగేవేళకి ఫోను చేస్తుంది. "వచ్చేటప్పుడు పెరుగు తెండి" అని కట్ చేసేస్తుంది. నేను మాత్రం గేటు బయట నిలబడి, కట్టయిపోయిన ఫోనుని ఇంకాసేపు చెవికి ఆనించుకునే ఉంటాను, పిచ్చివాణ్ణి, ఇంకేమైనా చెబుతుందేమోనని.