నారింజ రంగు బాటిల్ మీద ముప్పై రెండు

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలనీ మహిమలనీ నమ్మే మనిషిని కాను నేను. చిన్నప్పుడు శ్రీకాకుళంలో మా పెద్దమ్మ దిష్టికని గుమ్మానికి కట్టిన నిమ్మకాయ విప్పేసి షర్బత్ చేసుకు తాగిన ఘనురాలిని. వారం రోజులు తిట్లు తిన్నాను గానీ కనీసం కడుపునొప్పి కూడా రాలేదు. ఇప్పుడు ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిమ్ కాగితాలు చూసే ఉద్యోగం నాది. ఎవరేం చెప్పినా "ఆధారం ఏదండీ?" అని అడగడం అలవాటైపోయింది. అందుకే ఇది కూడా ఆధారాలతోనే చెబుతాను. నమ్మడం, మానడం మీ ఇష్టం.

మేం ఉండేది పద్మారావు నగర్‌లో. నా ముప్పై తొమ్మిదో ఏట, షుగర్ వచ్చేలా ఉందని డాక్టరు భయపెడితే పరుగు మొదలుపెట్టాను. మొదటిరోజు ఒక కరెంటు స్తంభం నుంచి రెండో స్తంభం దాకా పరిగెత్తి, దాన్నే పట్టుకుని నిలబడిపోయాను. పాలప్యాకెట్లు వేసే ఆయన సైకిల్ ఆపి, "ఏమైందమ్మా, కుక్క ఎంటబడ్డదా?" అని అడిగాడు. అవునని చెప్పి పరువు దక్కించుకున్నాను.

తర్వాత వారానికో స్తంభం చొప్పున కలుపుకుంటూ పోయాను. అలా పది కిలోమీటర్లు, ఆ తర్వాత ఇరవై ఒకటి. తొందరపడకపోతే నాలాంటి మనిషి కూడా ఎంత దూరమైనా పోగలదని అప్పుడే తెలిసింది. కొత్త బూట్లతో పోటీకి వెళ్లకూడదని కూడా తెలిసింది. అది మాత్రం రెండు కాలిగోళ్లు ఊడాక తెలిసింది.

ఇక మిగిలింది పెద్దది. నలభై రెండు కిలోమీటర్ల చిల్లర. రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ ముప్పై రెండో కిలోమీటరు దగ్గరే చతికిలబడ్డాను. పరుగు పోటీల్లో అందరికంటే వెనకాల ఒక బండి వస్తుంది, ఇక మావల్ల కాదన్నవాళ్లను ఎక్కించుకోవడానికి. రెండేళ్లూ నేను అందులోనే తిరిగొచ్చాను. రెండోసారైతే డ్రైవరు నన్ను గుర్తుపట్టి ముందుసీటు ఇచ్చాడు. అప్పటినుంచి మా గుంపులో పిల్లలందరికీ నేను 'బండక్క'ను అయిపోయాను.

నవ్వేదాన్ని. లోపల మాత్రం కుమిలిపోయేదాన్ని. మూడోసారి కూడా బండెక్కితే ఇక బూట్లు అటకెక్కించేద్దామని మనసులో గట్టిగా అనేసుకున్నాను.

మా గుంపు ఆదివారాలు మెట్టుగూడ వైపు రైల్వే క్వార్టర్ల మధ్య పరిగెత్తుతుంది. అక్కడ చెట్ల నీడ ఎక్కువ, ట్రాఫిక్ తక్కువ. ఒక రౌండు సరిగ్గా నాలుగు కిలోమీటర్లు. గుంపుకు పెద్ద యాదగిరి అన్న. యాభై అయిదేళ్లుంటాయి. అల్వాల్‌లో ఆయనకు టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకు ఇచ్చే మడత టేబుల్ ఒకటి, ఐసు వేసిన పెద్ద నీళ్ల డ్రమ్ము ఒకటి ట్రాలీ ఆటోలో వేసుకుని తెల్లవారక ముందే వచ్చేస్తాడు.

ఆయన పెట్టిన ఒక పద్ధతి ఉంది. ప్రతి ఒక్కరూ తమ బాటిల్ మీద తెల్ల టేపు అంటించి పేరు, ఆ రోజు ఎన్ని కిలోమీటర్లో రాసి టేబుల్ మీద పెట్టాలి. రౌండు రౌండుకూ వచ్చి తాగి మళ్లీ అక్కడే పెట్టాలి. పరుగు పూర్తయ్యాకే బాటిల్ తీసుకుని ఇంటికి పోవాలి. టేబుల్ మీద ఒక్క బాటిల్ ఉన్నా యాదగిరి అన్న కదలడు. ఆఖరి బాటిల్ లేచాకే టేబుల్ మడతపెడతాడు.

"మొఖాలు చూసి లెక్కబెడితే ఆగమైతం చెల్లె. పోయినోడెవడో ఉన్నోడెవడో ఏం యాదికుంటది? బాటిల్ ఉన్నదంటే మనిషి రోడ్డు మీద ఉన్నట్టే" అంటాడు.

నా బాటిల్ మా అమ్మాయి చిన్ని పాత స్కూలు బాటిల్. నారింజ రంగు. దాని మీద సీతాకోకచిలుక బొమ్మ సగం ఊడిపోయింది. మూత పట్టీ తెగితే నేనే నల్లదారంతో కట్టాను. మూతి మీద చిన్ని కొరికిన పళ్ల గాట్లు మూడున్నాయి. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే తర్వాత పనికొస్తాయి.

మూడో పోటీకి ఇంకా నాలుగు నెలలుంది. ఎండలు ముదిరిన ఒక ఆదివారం. టేపు మీద 'శ్యామల 24' అని రాశాను. ఇరవై నాలుగంటే ఆరు రౌండ్లు. కానీ మనసులో అనుకున్నది ముప్పై రెండు, ఎనిమిది రౌండ్లు. ఆ పాడు ముప్పై రెండును ఒక్కసారి దాటి చూస్తే భయం పోతుందని నా ఆశ. ముందే చెప్పి చేయలేకపోతే పిల్లలు ఆటపట్టిస్తారు కదా. అందుకని ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. ఎక్కడా రాసుకోలేదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

అయిదింటికి మొదలుపెట్టాను. ఎనిమిదీ పన్నెండుకు ఆరో రౌండు అయింది. యాదగిరి అన్న అటు తిరిగి ఎవరితోనో మోకాలి నొప్పి గురించి మాట్లాడుతున్నాడు. టేబుల్ మీద నాదొక్కటే బాటిల్ మిగిలింది. అక్కడే వదిలి ముందుకు పోతే, ఎక్కడికని కేకేస్తాడు. సగం నీళ్లున్నాయి కదా, చేతిలో పట్టుకుపోతే పోలా అనుకున్నాను. మెల్లగా తీసుకుని క్వార్టర్ల సందులోకి జారుకున్నాను.

ఎంత తెలివిమాలిన పనో చూడండి. ఆ గుంపులో బాటిల్ తీసుకుందంటే ఇంటికి పోయిందని అర్థం. ఆయన టేబుల్ ఖాళీగా ఉండటం చూసి మడతపెట్టేశాడు. అందరూ టిఫిన్లకు పోయారు. ఆయన అల్వాల్ పోయాడు.

ఎనిమిదీ నలభై ఏడుకు ఏడో రౌండు పూర్తయింది. టేబుల్ లేదు, మనుషులు లేరు. పైగా నాకు సంతోషం వేసింది, హమ్మయ్య, అడిగేవాళ్లు లేరని! ఆఖరి గుక్క నీళ్లు అక్కడే తాగాను. టేపు మీద ఇరవై నాలుగు చూసి, "నీ లెక్క దాటేశానులే" అని దానితోనే అన్నాను. ఖాళీ బాటిల్ చేతిలో పట్టుకునే ఎనిమిదో రౌండులోకి వెళ్లాను.

ముప్పయ్యో కిలోమీటరు దాటాక ఒళ్లు జలదరించింది. ఎండ మండిపోతుంటే నాకు చలేసింది. చెమట ఆగిపోయింది. రైల్వే గోడ పక్కన మూసేసిన గేటు ముందు దిమ్మ మీద కూర్చున్నాను. ఒక్క నిమిషం అనుకున్నాను, కానీ లేవడానికి కాళ్లు రాలేదు. ఫోన్ ఇంట్లో ఉంది, నడుముకు కట్టుకుంటే చిరాకని తీసుకెళ్లను. ఆదివారం కావడంతో ఆ సందులో ఒక్క మనిషి లేడు. అరుద్దామంటే నాలుక పిడచకట్టుకుపోయింది. చిన్ని గుర్తొచ్చింది. ఇడ్లీకి పిండి బయటే పెట్టి వచ్చానన్న సంగతి కూడా గుర్తొచ్చింది. నిజంగా భయపడ్డాను. నా వాచీ ప్రకారం అప్పుడు సమయం తొమ్మిదీ ఆరు.

తొమ్మిదీ ఇరవైకి ట్రాలీ ఆటో మోత వినబడింది. యాదగిరి అన్న దూకినట్టు దిగాడు. చేతిలో నారింజ రంగు బాటిల్.

"ఏందిది చెల్లె! బాటిల్ ఈడనే ఇడిసిపెట్టి ఏడ తిరుగుతున్నవ్? పానం పోయినంత పనైంది నాకు!" అంటూనే మూత తీసి నా నోటికి పెట్టాడు.

చల్లగా ఉంది. నిమ్మకాయ, ఉప్పు, పంచదార, చిటికెడు జీలకర్ర పొడి. ఇంటి నుంచి తెచ్చుకునే నీళ్లలో జీలకర్ర పొడి వేసేది ఆ గుంపులో నేనొక్కదాన్నే. సగం తాగాక తల కాస్త నిలబడింది. అప్పుడు కిందికి చూశాను. నా ఒళ్లో నా నారింజ రంగు బాటిల్ ఉంది, ఖాళీగా.

ఆయన కూడా అప్పుడే చూశాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఇదేంది మరి?" అన్నాడు.

దగ్గర్లో నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాడు. రెండు సెలైన్లు ఎక్కించారు. ఇంకో గంట అలాగే ఉంటే పరిస్థితి చేయిదాటేదని డాక్టరమ్మ గట్టిగానే చీవాట్లు పెట్టింది. మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏటే శ్యామలా, పిచ్చేటి నీకు? చెప్పకుండా ఎల్లిపోడమేటి?" అని అరిచి, అందరి ముందూ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. ఆయన ఏడవడం చూడటం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

యాదగిరి అన్న చెప్పింది ఇది. అల్వాల్ చేరి సామాను దించుతుంటే డ్రమ్ములో ఐసునీళ్ల మీద ఒక బాటిల్ తేలుతోంది. పేరు చూస్తే నాది. వెంటనే నా నంబరుకు ఫోన్ చేస్తే చిన్ని ఎత్తి, అమ్మ ఇంకా రాలేదంకుల్ అంది. సామాను అక్కడే పడేసి బండి తిప్పాడు. ఆ కాల్ నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది, ఎనిమిదీ యాభై రెండుకు. అప్పటికి నేను నా బాటిల్లో ఆఖరి గుక్క తాగి అయిదు నిమిషాలైంది.

ఆస్పత్రి మంచం మీద రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అదే సగం ఊడిన సీతాకోకచిలుక. అదే నల్లదారం, అదే ముడి. మూతి మీద అవే మూడు పళ్ల గాట్లు. తేడా ఒక్కటే. నా ఒళ్లో దొరికినదాని మీద 'శ్యామల 24' అని ఉంది. డ్రమ్ములో దొరికినదాని మీద 'శ్యామల 32' అని ఉంది.

"ముప్పై రెండు అని చూసిన్నే. ఇరవై నాలుగు అన్నది కదా, ఇదెప్పుడు మార్చిందబ్బా అనుకున్న. ఇరవై నాలుగే ఉంటే, మర్చిపోయి ఇంటికి పోయినవేమో అనుకుందు" అన్నాడు యాదగిరి అన్న.

గుంపులో కార్తీక్ అని సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నాడు. నాకంటే పెద్ద శంకల మనిషి. అలాంటి బాటిళ్లు బజార్లో వేలు దొరుకుతాయక్కా అన్నాడు. దొరుకుతాయి నాయనా, మా చిన్ని పళ్ల గాట్లతో కూడా దొరుకుతాయా? మీరే రెండు తెచ్చి మర్చిపోయారేమో అన్నాడు. మా ఇంట్లో నారింజ రంగు బాటిల్ ఒక్కటే ఉండేదని మా ఆయన, చిన్ని, పనిచేసే లక్ష్మమ్మ ముగ్గురూ చెప్పారు. యాదగిరి అన్న వేళాకోళం చేశాడేమో అన్నాడు. ఆయన చదివింది మూడో తరగతి, తెలుగులో సంతకం చేయడానికే పది నిమిషాలు పడుతుంది. పైగా నా మనసులో ముప్పై రెండు ఉందని ఆయనకెలా తెలుస్తుంది? చివరికి కార్తీక్ కూడా చేతులెత్తేసి, "పరేషాన్ చేసినవ్ అక్కా, మూడు రోజులసంది నిద్ర పడ్తలేదు" అన్నాడు.

ఒక్క చిన్ని మాత్రం ఏ బెంగా పెట్టుకోలేదు. ఒకటి పోయి రెండు వచ్చాయని సంబరపడి, రెండోదాన్ని స్కూలుకు పట్టుకుపోయింది. క్లాసులో పిల్లలందరూ వరసకట్టి దయ్యం బాటిల్లో నీళ్లు తాగారట. టీచరమ్మ కూడా ఒక గుక్క తాగిందని మా అమ్మాయి కథనం.

పోటీ రోజున నా టేపు మీద పెద్ద అక్షరాలతో నలభై రెండు అని రాశాను. ముందురోజే గుంపులో, ఆఫీసులో, ఆఖరికి మా పాలప్యాకెట్ల ఆయనకు కూడా చెప్పేశాను. ఎంత దూరం పోతున్నామో నలుగురికీ చెప్పి పోవాలి. ఇన్నేళ్ల పరుగులో నేను నేర్చుకున్న అసలు పాఠం అదొక్కటే.

ముప్పై రెండో కిలోమీటరు దగ్గర కాళ్లు పట్టేశాయి. వెనకాల ఆ బండి మోత వినిపిస్తూనే ఉంది. నాకు తోడుగా వచ్చిన యాదగిరి అన్న పక్కన నడుస్తూ, "జెర నిదానం చెల్లె. బండి ఎక్కుతవా?" అని అడిగాడు. "నువ్వెక్కు అన్నా, నాకు పనుంది" అన్నాను. పోటీ గడువు ముగిసి గేటు మూసేయడానికి పదకొండు నిమిషాల ముందు లోపలికి వచ్చి పడ్డాను. మెడలో పతకం వేసిన అమ్మాయిని పట్టుకుని ఆ అమ్మాయి భుజం తడిచేదాకా ఏడ్చాను. అంత ఆనందం నాకు మళ్లీ రాలేదు.

ఆ రెండో టేపును ఊడదీసి నా దగ్గర దాచుకున్నాను. సంతకాలు, చేతిరాతలు పోల్చి చూడటం నా ఉద్యోగంలో భాగం. దాన్ని నా పాత కాగితాలన్నిటితో పోల్చి చూశాను. 'శ్యా' రాసే తీరు నాది. పైన చదునుగా గీత పెట్టి రాసిన మూడు నాది. ఆఫీసుకు అది ఎవరైనా క్లెయిమ్‌గా పంపితే, కళ్లు మూసుకుని సరైనదేనని రాసేస్తాను. ఆ ముప్పై రెండు రాసింది నేనే. ఎప్పుడు రాశానో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.